సగం గోలి

సోహార్‌ల పొద్దు పొడిచినంక
నాకు రాత్రి అయితది.
పోర్టు గేటు కాడ వేలుముద్ర కొట్టి, బస్సెక్కి,
క్యాంపుల దిగి
కిటికీకి అట్టపెట్టె అంటించిన రూముల
పై మంచం ఎక్కుత.
ఏసీ గురక పెడతది. నేను పెట్ట.

ఆరు మంచాలు, ఆరు తీర్ల నిద్ర.
గంగాధరిది బండరాయి నిద్ర.
మల్కయ్యది, ఫోన్ల బిడ్డతోని మాట్లాడుకుంట
మాట నడుమ ఆగిపోయే నిద్ర.
నాది మాత్రం
క్లియరెన్స్ రాని కంటైనర్ లెక్క
ఏదో యార్డుల నిలవడ్డది.

పోయిన ఎండాకాలం ఓదెలు
తలగడ కింది నుంచి తీసి
పేరు చినిగిన పత్తా ఒకటి ఇచ్చిండు.
"ఒకటెయ్యి. పట్టకుంటె ఇంకోటెయ్యి."
ఒకటేసిన. గడియారం చూసిన. ఇంకోటేసిన.
నిద్ర రాలె అది.
ఎవలో వెనుక నుంచి వచ్చి
మెయిన్ స్విచ్ దించిన్రు.

సాయంత్రం కాళ్లు లేచినయి, నేను లేవలె.
నలభై మీటర్ల మీద గాజు డబ్బాల కూసున్న.
కాళ్ల కింద గాజు, గాజు కింద ఓడ.
ఒక్క రెప్ప పడ్డది.
నిజంగ ఒక్కటే రెప్ప.
కంటైనర్ ఉయ్యాలోలె ఊగి
కింద గొలుసులు బిగించే పిలగాని హెల్మెట్‌కు
జానెడు ఎడంగ పోయింది.
వాడు పైకి చూసి నవ్విండు, గాలి అనుకున్నడేమో.
వాని పేరు ఇప్పటికీ తెల్వదు.

క్లినిక్‌ల సుడాన్ డాక్టర్
గోలి మాట ఎత్తనే లేదు.
రోజుకు చాయ్ ఎన్ని? అన్నడు.
పదకొండు అన్న. పెన్ను కింద పెట్టిండు.
దగ్గు మందు తాగుతవా,
శుక్రవారం ఇంకేమన్న తాగుతవా,
నిద్రల ఊపిరి ఆగుతున్నదని
పక్క మంచమోళ్లు ఎన్నడన్న లేపిన్రా,
మనసుల ఏమన్న ఉన్నదా అని
వచ్చీరాని హిందీల అడిగితె
హెల్మెట్ సంగతి చెప్పిన.
ఆయన తొందరపడలె.
బయట నా వెనుక పన్నెండు మంది ఉన్నరు.

రాసిచ్చింది చిన్న గోలి, అందుల సగం,
అది గూడ రెండు వారాలకే.
మందుల షాపుల బీనా
డబ్బా మీద చందమామకు బదులు సూర్యుణ్ణి గీసింది.
"గీత ఉన్నది గనుక విరువు, గీత లేనిది విరువద్దు.
మంచం మీద కూసున్నంకనే మింగు.
ఎనిమిది గంటలు చేతిల లేకుంటె మింగకు.
మింగిన్నో లేదో యాది లేకుంటె
మింగినట్టే అనుకో."
ఈ ఆఖరి మాట నాకు బాగ నచ్చింది.
బాకీలకు గూడ ఇదే లెక్క అయితె ఎంత బాగుండు.

మొదటి నాలుగు దినాలు క్రేన్ ఎక్కలె.
కింద నిలవడి నంబర్లు రాసిన,
ఫోర్‌మెన్ మొఖం మాడ్చుకున్నడు.
నడిరాత్రి దాటినంక చాయ్ బంద్.
పాత లుంగీ చింపి కండ్లకు కట్టుకున్న.
గోలి నిద్ర కాదు, వాకిట్ల పరిచిన చాప.
కూసునుడు కూసోకపోవుడు చుట్టం ఇష్టం.
కొన్ని పగళ్లు రాలె గూడ.
రానినాడు ఇంకో సగం ముట్టలె.

నిన్న ఓదెలు నా మంచం పట్టీ పట్టుకున్నడు.
"మూడు దినాల సంది కన్ను మూతవడలే.
ఒక్కటియ్యే."
ఇయ్య అన్న.
"నేను నీకిచ్చిన గదనే!"
ఇచ్చినవు. అందుకే ఇయ్య.
ఊరి నుంచి తెప్పించుకుంట అన్నడు.
చీటీ లేని గోలి
ఎయిర్‌పోర్టు దాటితె గోలి కాదు, కేసు అన్న.
గోడ దిక్కు మర్లిండు.

చాన సేపటికి కింది నుంచి గొంతు:
"డాక్టర్ ఎంత తీస్కుంటడు?"
రెండు రియాలు.
"చాయ్ బంద్ చెయ్యమంటడా?"
అంటడు.
"అయితె నేను రాను."

పొద్దుగూకంగ నేను మంచం దిగేసరికి
ఓదెలు బూట్లు తొడుక్కొని
గడప మీద కూసోని ఉన్నడు,
చేతిల ఆఖరి చాయ్ గిలాస,
అది సల్లారిపోతున్నా
తాగకుంట.